ముంగిస పగలే వస్తుంది: పెరటి కోళ్ళకు గూడు ఎంచుకోవడం

కొత్తగా కోళ్ళు పెంచాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది జాతి సంగతి. వనరాజా మేలా, గ్రామప్రియా, రాజశ్రీనా, ఊళ్ళో దొరికే నాటుకోళ్ళు చాలవా అని. ఆ తర్వాత మేత, టీకాలు. అవి రాత్రి ఎక్కడ పడుకుంటాయన్న ప్రశ్న చాలా ఇళ్ళల్లో కోడిపిల్లలు అట్టపెట్టెలో వచ్చి కిచకిచమంటున్నప్పుడు గానీ రాదు. అప్పటికప్పుడు చేతికందిన గంపో, పాత బీరువానో, దుకాణంలో ముద్దుగా కనబడిన చెక్కగూడో తెచ్చిపెడతారు. కొన్నాళ్ళకు ఒక తెల్లవారి గూడు ముందు ఈకల కుప్ప కనబడుతుంది. కోళ్ళు మానేసినవాళ్ళను ఎందుకు మానేశారని అడిగితే తరచు వినబడే జవాబు: "అన్నీ పోయాయండీ, ఇంక తేలేదు."

ఇది కొద్దిమంది సమస్య కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్ళు, బాతుల వంటి పెంపుడు పక్షులు 85 కోట్ల పైచిలుకు ఉంటే, వాటిలో పెరటి పక్షులు దాదాపు 31.7 కోట్లు. 2012 లెక్కతో పోలిస్తే ఇది సుమారు 46 శాతం ఎక్కువ. అదే కాలంలో ఫారాల్లోని పక్షులు 4.5 శాతమే పెరిగాయి. అంటే కోడి మళ్ళీ పెరట్లోకి వస్తోంది. కాని ఒకప్పుడు పెరట్లో కోడితో పాటు ఉన్న కాపలా ఇప్పుడు లేదు. గూడు ఎంపిక గురించి ఇంత చెప్పుకోవాల్సి రావడానికి అసలు కారణం అదే.

భద్రమైన గూడు అనగానే మనకు గట్టి గోడ, లావు తలుపు గుర్తొస్తాయి. నా దృష్టిలో గూటిని కొలవాల్సింది రెండు ప్రశ్నలతో. దానిలో అన్నిటికన్నా పెద్ద సందు ఎంత? మే నెల రాత్రి ఆ లోపల గాలి ఆడుతుందా? ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం తగులుతాయి. సందులన్నీ మూసేస్తే ఉక్కకు కోళ్ళు పోతాయి. గాలి కోసం వదిలేస్తే పాము దూరుతుంది. గూళ్ళ రకాలు ఎన్ని ఉన్నా, మంచిచెడ్డలన్నీ ఈ రెండు ప్రశ్నల మధ్యే తేలతాయి.

వచ్చేది ఎవరు, ఎప్పుడు

గూడు కొనేముందు చూడాల్సింది దుకాణాన్ని కాదు, మన పెరటి చుట్టుపక్కలను. చెరకుతోట ఆనుకుని ఉందా, చెరువుగట్టు ఉందా, పక్కన ఖాళీ స్థలంలో తుమ్మపొదలు ఉన్నాయా, ఇంటి మీదికి వాలిన చెట్టుకొమ్మ ఉందా అన్నదాన్ని బట్టి వచ్చే జంతువు మారుతుంది.

ఊరకుక్కలు అన్నిచోట్లా ఉన్నవే. గుంపుగా వస్తాయి. పల్చటి వలను పంటితో పట్టి లాగి చింపుతాయి, తడికను తోసేస్తాయి, గంపను దొర్లిస్తాయి. అవి తినేది తక్కువ, చంపేది ఎక్కువ. జంగపిల్లి రెల్లుపొదల నుంచి, చెరకు తోటల నుంచి వస్తుంది. కోడిని నోట కరచుకుని పోతుంది కాబట్టి కొన్ని ఈకలు తప్ప ఏమీ మిగలవు. మానుపిల్లి చెట్టుకొమ్మల మీదుగా, పెంకుల మీదుగా రాత్రిపూట దిగుతుంది. నాలుగు గోడలూ గట్టిగా కట్టి పైన తాటాకు కప్పి వదిలేసిన గూటికి ముప్పు దీనివల్లే. పందికొక్కు కింద నుంచి వస్తుంది. మట్టినేలలో సొరంగం తవ్వుకుని గూటి మధ్యలో తేలుతుంది, చిన్నపిల్లలను లాక్కుపోతుంది. నాగుపాము, జెర్రిపోతు గుడ్లనూ పిల్లలనూ మింగుతాయి. కొండల దగ్గరి ఊళ్ళల్లో కొండచిలువ పెద్ద కోడినే చుట్టేస్తుంది. గద్ద, డేగ, కాకి పగలు పిల్లలకు శత్రువులు.

వీటన్నిటిలో కొత్తవాళ్ళ లెక్కకు అందనిది ముంగిస. రాత్రి తలుపు వేశాం కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. అది తిరిగేదే పగలు. మనం పొలంలోనో ఆఫీసులోనో ఉన్న వేళ, తల్లికోడి గుడ్ల మీద కదలకుండా కూర్చున్న వేళ వస్తుంది. ఒళ్ళు సన్నం, సందు దొరికితే చాలు. మట్టి మెత్తగా ఉంటే తవ్వుతుంది కూడా. గూట్లో చిక్కితే ఒకదానితో ఆగదు; ఎదుట కదిలే ప్రతిదాన్నీ మెడ దగ్గర కొరుకుతూ పోవడం దాని వేట తీరు. పది పిల్లలూ చచ్చి పడి ఉంటే, ఒంట్లో మాంసం అలాగే ఉంటే, ముంగిస రక్తం తాగి పోయిందని ఊళ్ళల్లో అనుకునేది అందుకే. కనుక రాత్రి గూడు ఒక్కటే సరిపోదు. పొదిగే పెట్టకూ, నెలలోపు పిల్లలకూ పగలు కూడా మూసిన చోటు కావాలి.

నష్టం జరిగాక ఆనవాళ్ళు చదవడం నేర్చుకుంటే గూడును ఎక్కడ సరిచేయాలో తెలుస్తుంది. ఈకలు పెరడంతా చెల్లాచెదరైతే కుక్క. పిల్లో గుడ్డో జాడ లేకుండా మాయమై, పెంకు ముక్క కూడా లేకపోతే పామును అనుమానించాలి. అది గుడ్డును పెంకుతో సహా మింగుతుంది. పెంకు పగిలి సొన కారి ఉంటే కాకో, ఎలుకో, ముంగిసో. గూటి అడుగున కొత్త మట్టి తోడి ఉంటే పందికొక్కు. పైకప్పు తాటాకు ఒకచోట విడివడి ఉంటే మానుపిల్లి.

ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పాలి. ముంగిస, జంగపిల్లి, ఉడుము, నాగుపాము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు. వాటికి ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం నేరం. విషం కలిపిన ముద్ద పెడితే బలయ్యేది పొరుగింటి కుక్క కావచ్చు, చచ్చిన ఎలుకను తిన్న గద్ద కావచ్చు. ముంగిస, జంగపిల్లి, పాము ఎలుకలను తిని పొలానికి చేసే మేలు వేరే ఉంది. వాటిని చంపకుండా కోళ్ళను బతికించుకోవాలంటే మనకున్న న్యాయమైన దారి గూడు ఒక్కటే.

పాత గూళ్ళలో ఏముంది

మేదరులు అల్లే వెదురుగంప పగటిపూట తల్లినీ పిల్లలనూ కమ్మడానికి ఇప్పటికీ సాటిలేనిది. లోపల నీడ, చుట్టూ గాలి, గద్దకు అందదు, ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. రాత్రికి మాత్రం, ఆరుబయట, అది పనికిరాదు. పైన రాయి పెట్టినా కుక్క దొర్లిస్తుంది. అల్లిక సందుల్లోంచి పాము వస్తుంది. మరి మన పెద్దవాళ్ళు గంపలతోనే ఎలా నెట్టుకొచ్చారు? వాళ్ళ గంప రాత్రి ఇంటి లోపలో, పంచలోనో ఉండేది. అరుగు మీద మనుషులు పడుకునేవాళ్ళు, వాకిట్లో కుక్క ఉండేది, కోడి కొక్కొరొక్కోమని కాక మరో రకంగా అరిస్తే ఎవరో ఒకరు కర్ర పట్టుకుని లేచేవాళ్ళు. ఇప్పుడు మనం తలుపులేసుకుని, ఫ్యానో ఏసీయో వేసుకుని నిద్రపోతున్నాం. అప్పటి గంపను ఇప్పటి పెరట్లో పెడితే సగం గూడును మాత్రమే తెచ్చుకున్నట్టు.

పాత ఇళ్ళల్లో అరుగు కిందో, గోడ వారగానో మట్టితో కట్టి, నోటికి బండ అడ్డం పెట్టే గూడు ఇంకో రకం. కుక్కకు, జంగపిల్లికి ఇది లొంగదు. కాని లోపల గాలి లేదు, చెయ్యి పట్టదు, అడుగు చీకటి. ఆ చీకట్లోనే మన కంటికి కనబడని దొంగ ఒకటి ఉంటుంది: గోమారు. కోళ్ళను పట్టే ఈ గోమార్లు పగలంతా గోడ బీటల్లో, చెక్క అతుకుల్లో, వెదురు గణుపుల్లో దాక్కుని రాత్రి మాత్రమే బయటికొచ్చి రక్తం పీల్చి మళ్ళీ దాక్కుంటాయి. కోడిని పగలు పట్టి చూస్తే పెద్దవేవీ కనబడవు. కోళ్ళు పాలిపోతాయి, గుడ్లు తగ్గుతాయి, జ్వరంతో తూలి పడిపోతాయి. స్పైరోకీటోసిస్ అనే జబ్బును అంటించేది కూడా ఇవే. కోళ్ళు సాయంత్రం గూట్లోకి పోవడానికి మొరాయిస్తుంటే టార్చి తీసుకుని రాత్రి ఎనిమిదింటికి బీటలు చూడాలి. మట్టిగూడు వాడేవాళ్ళు బీటలు పూడ్చి ఏడాదికి రెండుమూడు సార్లు సున్నం కొట్టాలి. ముంగిస ఒక పగలు చేసే నష్టాన్ని గోమార్లు మూడు నెలలు తీసుకుని చేస్తాయి, అంతే తేడా.

నాకు అన్నిటికన్నా నచ్చే పాత పద్ధతి అటవీ ప్రాంతపు గూడేల్లో కనబడే మంచె గూడు. నేలకు రెండు మూడు అడుగుల ఎత్తులో కర్రల మీద నిలబెట్టిన వెదురుగూడు. వాననీరు తగలదు, పందికొక్కు సొరంగం పనిచేయదు, కింద నుంచి గాలి ఆడుతుంది, రెట్టలు సందుల్లోంచి కింద పడతాయి కాబట్టి అమ్మోనియా ఘాటు తక్కువ. దీనికి కావలసిందల్లా రెండు చేర్పులు: చుట్టూ అడుగునా సన్నగడి ఇనుప వల, ఎలుకలు పాకకుండా కాళ్ళకు నున్నటి రేకు చుట్టడం. కొత్తగా మొదలుపెట్టి అయిదారు కోళ్ళు మాత్రమే పెంచేవాళ్ళకు ఇంతకన్నా మంచి నమూనా వెతకనక్కర్లేదని నా అభిప్రాయం.

గూడే లేకుండా చెట్టు మీద పడుకోబెట్టే పద్ధతి కూడా ఉంది. తేలికపాటి నాటుకోడి చింతకొమ్మ ఎక్కి కూర్చుంటే కుక్క బాధ తప్పుతుంది, మానుపిల్లి బాధ తప్పదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా లాంటి బరువైన జాతికైతే చెట్టు మాట మరిచిపోవాలి. ఎదిగిన పుంజు మూడున్నర, నాలుగు కిలోలు తూగుతుంది. ఎగరలేదు, నాటుకోడంత చురుగ్గా పరిగెత్తలేదు. దాని రంగుల ఈకలు మట్టిలో పొదల్లో కలిసిపోయి గద్ద కంటిని కొంత తప్పిస్తాయి, తెల్ల బ్రాయిలర్‌కు ఆ పాటి రక్షణ కూడా లేదు. జాతిని మార్చినప్పుడు గూడు కూడా మారాలన్న సంగతి పిల్లలను అమ్మేవాళ్ళు చెబితే బాగుంటుంది.

దుకాణంలో దొరికేవి

ఇప్పుడు ఆన్‌లైన్‌లో వచ్చే చెక్కగూళ్ళు చాలామందికి మొదటి ఎంపిక అవుతున్నాయి. వాలు కప్పు, చిన్న నిచ్చెన, పక్కన గుడ్ల పెట్టె. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వీటిలో ఎక్కువ నమూనాలు చలిదేశాల కోసం గీసినవి. వెచ్చదనం నిలవాలని గాలి రంధ్రాలు తక్కువ పెడతారు. మన దగ్గర కావలసింది సరిగ్గా దానికి విరుద్ధం. మెత్తటి పైన్ చెక్క రెండు వానాకాలాలకు ఉబ్బి తలుపు సరిగ్గా మూసుకోదు, ఆ తర్వాత చెదలు. "పది కోళ్ళకు" అని రాసి ఉన్నదాన్ని నమ్మకుండా టేపు పట్టి కొలవాలి. రాత్రి నిద్రకు మాత్రమే అయితే పెద్దకోడికి కనీసం ఒక చదరపు అడుగు. వానరోజుల్లో పగలు కూడా లోపలే ఉండాల్సి వస్తే రెండున్నర, మూడు చదరపు అడుగులు లేనిదే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. ఈ లెక్కన పది కోళ్ళ గూడు చాలావరకు నాలుగైదు కోళ్ళదే అవుతుంది.

లేయర్ ఫారాల్లో వాడి తీసేసిన బ్యాటరీ కేజ్‌లు చవగ్గా దొరుకుతాయి. వాటి వాలు తీగ అడుగు బరువైన పెరటి కోళ్ళ పాదాలకు పుండ్లు తెస్తుంది. గుడ్డు దొర్లి బయటికి రావడానికి ముందు వదిలిన సందు పాముకు తలుపు. వద్దనే చెబుతాను.

వెల్డింగ్ షాపులో చెప్పి చేయించుకునే ఇనుప గూడు నా లెక్కలో డబ్బుకు తగినది. చెద పట్టదు, గోమార్లకు బీటలు ఉండవు, కడగవచ్చు. షాపువాళ్ళు అలవాటుగా కిటికీ గ్రిల్లులా రెండంగుళాల సందులతో చేసిస్తారు. కుక్క ఆగుతుంది, ముంగిస, పాము ఆగవు. అందుకని గ్రిల్లు మీద వల వేయించాలని ముందే గట్టిగా చెప్పాలి. ఇరవై ముప్పై కోళ్ళు పెంచేవాళ్ళు ఇటుకతో రెండడుగుల గోడ లేపి, ఆ పైన వల బిగించి, పైన రేకు వేసుకుంటే మనిషి లోపలికి నడిచి ఊడ్చగల గది అవుతుంది. పదేళ్ళ ఆలోచన ఉన్నవాళ్ళకు అదే మేలు.

ఏ గూడైనా దాని బలం వలలో తెలుస్తుంది. హార్డ్‌వేర్ దుకాణంలో చికెన్ మెష్ అని అడిగితే ఇచ్చే ఆరుమూలల గడుల సన్నతీగ వల కోళ్ళను లోపల ఆపడానికి పుట్టింది, బయటివాటిని ఆపడానికి కాదు. పేరు చూసి మోసపోవద్దు. తీగ పల్చన, మెలిపెట్టి అల్లింది, కుక్క పంటికి విడిపోతుంది, తేమకు తుప్పు పడుతుంది. కొనాల్సింది జింకు పూత ఉన్న వెల్డ్ మెష్, అర అంగుళం గడి. ఆ గడిలో ముంగిస, ఎదిగిన ఎలుక, కోడిపిల్లను మింగగల పాము దూరలేవు. అంగుళం గడికి వచ్చేసరికి పాములకూ ఎలుకలకూ దారి దొరుకుతుంది. అర అంగుళం వల ఖరీదెక్కువ అంటారు, నిజమే. అందుకే రాత్రి గూడును చిన్నదిగా, చుట్టూ అర అంగుళం వలతో చేసుకుని, పగలు పెద్దకోళ్ళు తిరిగే దొడ్డికి పెద్ద గడి వల సరిపెట్టుకోవచ్చు. డబ్బు కుదించాల్సిన చోటు దొడ్డి, గూడు కాదు. వలను చిన్న మేకులతో కొట్టి వదిలేస్తే కుక్క ఒక మూల పట్టి లాగితే మొత్తం వస్తుంది; అంచు మీద రేకు పట్టీ పెట్టి స్క్రూలు బిగించాలి.

గూడు నేల మీద ఉంటే అడుగు సంగతి తేల్చాలి. షాబాద్ బండలో, కడప రాళ్ళో పరిచి సందులు సిమెంటుతో పూడిస్తే సరిపోతుంది. అంత చేయలేకపోతే గూటి చుట్టూ ఒకటిన్నర అడుగు వెడల్పున వలను నేల మీద పరిచి, గోడకు కలిపి కట్టి, పైన మట్టి, రాళ్ళు వేయాలి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది. పంజాకు వల తగిలితే వెనక్కి జరిగి అడుగున్నర దూరం నుంచి తవ్వాలన్న తెలివి దానికి సాధారణంగా రాదు.

తలుపు దగ్గర చాలా గూళ్ళు ఓడిపోతాయి. రెక్కకూ చట్రానికీ మధ్య వేలు పట్టే సందు ఉంటే మిగతా వలంతా వృథా. ఒక్క చిలుక చాలదు. కుక్క మూతితో గుద్దితే లేచిపోయే చిలుకలు ఉంటాయి. పైనా కిందా రెండు గడియలు, ఒకదానికి తాళం. తాళం మనుషుల కోసం. నాటుకోడి ధర చూస్తున్నాం. సంక్రాంతి ముందు గోదావరి జిల్లాల్లో పుంజులకు కాపలా పడుకునేవాళ్ళు ఊరికే పడుకోరు. తలుపు వేసే వేళ కూడా తలుపంత ముఖ్యమైనది. పొద్దు వాలగానే కోళ్ళు వాటంతటవే గూట్లోకి పోతాయి. మనం ఎనిమిదింటికి వచ్చి వేసే సరికి పాము లోపలే ఉండవచ్చు. వేసేముందు లెక్కపెట్టడం, మూలలు టార్చితో చూడడం అలవాటవ్వాలి. వేళకు ఇంట్లో ఉండలేనివాళ్ళకు టైమరుతో పడే తలుపులు ఇప్పుడు దొరుకుతున్నాయి, కాని బయట మిగిలిపోయిన కోడిని అవి లెక్కపెట్టవు.

ఎండ, వాన, గాలి

కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాపున ఉంటుంది. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెలలో బయటి వేడి 45 దాటే రోజులుంటాయి. అంత వేడిలో నోరు తెరిచి ఎగశ్వాస తీయడమే దానికున్న ప్రధాన ఉపాయం. అలాంటి పక్షిని పగలంతా కాగిన రేకు డబ్బాలో రాత్రికి మూసిపెడితే ఏ ముంగిసా రానక్కర్లేదు. భద్రత పేరుతో చెక్క పలకలతో నాలుగు వైపులా బిగించిన గూళ్ళను నేను అందుకే ఒప్పుకోను.

పొడవు తూర్పు పడమరలుగా పెడితే పొడవాటి గోడలకు ఎండ నేరుగా తగలదు. ఆ రెండు పొడవాటి వైపులా వల ఉంటే ఇటు నుంచి అటు గాలి పోతుంది. రేకు వేస్తే పైన సున్నం కొట్టి, వేసవిలో తాటాకులో వరిగడ్డో కప్పాలి. చూరు మూడడుగులు బయటికి దించితే వానజల్లు లోపల పడదు. జల్లు ఎక్కువైన రోజుల్లో గోనెపట్టాను కింద నుంచి కట్టి, పైన జానెడు ఖాళీ వదిలితే వాన ఆగుతుంది, వేడిగాలి పైనుంచి పోతుంది. కోస్తాలో తుపాను గాలికి తేలిక గూళ్ళు ఎగిరిపోతాయి. నాలుగు కాళ్ళనూ భూమిలో పాతిన గూటాలకు తీగతో కట్టాలి.

లోపలి అమరిక పెద్ద విద్య కాదు. వాలడానికి రెండంగుళాల మందం కర్ర, కోడికి ఎనిమిది నుంచి పది అంగుళాలు, అన్ని కర్రలూ ఒకే ఎత్తులో. ఒకటి పైన ఉంటే దానికోసం రోజూ కొట్లాట. నాలుగైదు పెట్టలకు ఒక గుడ్ల పెట్టె, అడుగు పొడవు అడుగు వెడల్పు. ఆ పెట్టెకు బయటి నుంచి తెరిచే మూత పెట్టించండి, నడుము ఎత్తులో. వెచ్చగా, చీకటిగా, గుడ్ల వాసనతో ఉండే పెట్టె నాగుపాముకు ఇష్టమైన చోటు. చూడకుండా చెయ్యి పెట్టి గుడ్లు తడుముకోవడం ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ చేసే పని. గూటి భద్రత అంటే వాళ్ళ చేతి భద్రత కూడా. మేతను మూత బిగిసే డబ్బాలో పెట్టాలి. చిందిన మేత ఎలుకలను, ఎలుకలు పాములను పిలుస్తాయి.

అడుగున వరిఊక రెండు మూడు అంగుళాలు పరిచి, తడిసినప్పుడల్లా తీసి మార్చాలి. గూటి ముందు కోడి ఎత్తుకు వంగి గాలి పీల్చినప్పుడు ముక్కు మండితే కోళ్ళ కళ్ళు, ఊపిరితిత్తులు రాత్రంతా ఆ ఘాటులోనే ఉన్నాయన్నమాట.

కొక్కెర తెగులును ఏ వలా ఆపదు. దానికి టీకాయే దారి. అయినా గూటి ఎంపికకు జబ్బులతో ఒక సంబంధం ఉంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అలాంటప్పుడు పెరటి కోళ్ళను అడవిపక్షులకూ, చెరువు నీళ్ళకూ దూరంగా కొన్నాళ్ళు కట్టడిలో ఉంచగలగాలి. నిద్రకు మాత్రమే సరిపోయే గూడుంటే అది కుదరదు. గూటికి ఆనుకుని పైకప్పూ అర అంగుళం వలా ఉన్న చిన్న దొడ్డి ఉంటే, పొదిగే పెట్టకూ పిల్లలకూ ముంగిస నుంచి పగటి రక్షణ దొరుకుతుంది, ఇలాంటి రోజుల్లో మొత్తం మందకూ ఆసరా అవుతుంది.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇంటి వెనక కోళ్ళు పెంచుకునే తెలుగువాళ్ళకు జంతువులు వేరు. అమెరికాలో రకూన్ చేతివేళ్ళతో మామూలు గడియలను తెరిచేస్తుంది. అక్కడి పుస్తకాలు తాళం గురించి అంతగా చెప్పేది అందుకే. పుంజును ఉంచనివ్వని పట్టణాలు, పెట్టలకు లెక్క పెట్టే కాలనీలు అక్కడ చాలా ఉన్నాయి కాబట్టి గూడు కొనేముందు ఆ నిబంధనలు చదవాలి. అక్కడి సలహాల్లో అర అంగుళం వల, రెండు గడియలు మనకూ సరిపోతాయి. చలికి గోడలు మూయమన్న మాట మాత్రం అక్కడే వదిలేయాలి.

కోడిపిల్లలు తెచ్చిన మొదటి నాలుగైదు వారాలు ఈ గూటి అవసరం రాదు. అప్పుడు కావలసింది బల్బు వేడి, మొదటివారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ దాపున, ఆపైన వారానికి అయిదు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ, ఎలుక దూరని గదిలో. గూడు కట్టుకోవడానికి ఆ వ్యవధి చాలు. పెద్ద గూట్లోకి మార్చాక అయిదారు రోజులు బయటికి వదలకుండా లోపలే మేపితే, అది తమ ఇల్లని పిల్లలకు తెలుస్తుంది. ఆ తర్వాత సాయంత్రం వాటిని తరుముకుంటూ పెరడంతా తిరగనక్కర్లేదు.

గ్రామీణ కుటుంబాలకు పెరటి కోళ్ళు పంచే ప్రభుత్వ పథకాల్లో పిల్లలతో పాటు రాత్రి గూటికి కొంత సొమ్ము ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఆ ఆలోచన మంచిది. అయితే డబ్బు చేతికిస్తే అది మేతకో మందులకో పోవడం పేదింట్లో తప్పుపట్టేది కాదు. పిల్లలు దిగేనాటికి గూడే దిగాలి. ఊరి వెల్డింగ్ షాపువాడు చూసి చేయగల నమూనా బొమ్మ ఒకటి, వల గడి కొలతతో, తలుపు గడియలతో, పశువుల ఆస్పత్రి గోడ మీద తెలుగులో ఉండాలి. మన ముంగిసనూ మన మే నెలనూ లెక్కలో పెట్టుకుని గీసిన బొమ్మ. కోళ్ళ జాతుల మీద దశాబ్దాలు పనిచేసిన సంస్థలు మన దగ్గరే ఉన్నాయి. వాటికి ఇది పెద్ద పని కాదు.